అమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైన అండం ఇన్నేళ్ళూ తన డీఎన్‌ఏని ఎలా కాపాడుకుంటుంది? పిండం రిపోర్టు చూసినప్పటి నుంచి టెన్షన్

నీలిమేఘం
ఐవీఎఫ్ చేయించుకుంటున్నాం. నాకు 37. పిండాలకు చేసిన జన్యు పరీక్షలో ఒకటి పనికిరాదన్నారు, ఇంకోటి మొజాయిక్ అని రాశారు. డాక్టర్‌ని అడిగితే "అండాలకీ మీ వయసే కదమ్మా, డీఎన్‌ఏ పాడవుతుంది" అని ఒక్క ముక్క చెప్పి లేచి వెళ్ళిపోయారు. కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతింటే రిపేర్ చేసుకునే ఏర్పాటు ఉంటుందని చదువుకున్నాం కదా. మరి అండంలో అది పని చేయదా? నేనేమైనా చేసి పాడు చేసుకున్నానా? ఒకచోట అండమంత భద్రమైన కణం లేదంటారు, ఇంకోచోట 35 దాటితే ఇక అంతే అంటారు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

తెల్లకాగితం
ఫాలో అవుతున్నా. నాదీ ఇదే ప్రశ్న.

కణం_కథలు
ముందు ఆ మూడో ప్రశ్నకి జవాబు: లేదు. మీరు చేసి పాడు చేసుకున్నది ఏమీ లేదు. ఇక అసలు విషయం.

ఆడపిల్ల ఇంకా కడుపులో ఉండగానే ఆమె అండకణాలన్నీ తయారైపోతాయి. గర్భం 20 వారాల దగ్గర 60-70 లక్షలు ఉంటాయి. పుట్టే నాటికి 10-20 లక్షలే మిగులుతాయి, రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి 400 చిల్లర. మధ్యలో పోయినవన్నీ డీఎన్‌ఏ దెబ్బ వల్లే పోయాయని కాదు, కానీ ఆ ఏరివేతలో అదొక పెద్ద కారణం.

విచిత్రం ఏమిటంటే మొదటి దెబ్బ కణం తనకు తానే వేసుకుంటుంది. మియోసిస్ (క్రోమోజోమ్‌ల సంఖ్యని సగం చేసే కణ విభజన) మొదలవగానే స్పో11 అనే ప్రోటీన్ డీఎన్‌ఏని వందల చోట్ల, రెండు పోగులూ తెగేలా కత్తిరిస్తుంది. అమ్మ వైపు క్రోమోజోమ్, నాన్న వైపు క్రోమోజోమ్ జత కట్టి ముక్కలు మార్చుకోవడానికి అది తప్పనిసరి. తర్వాత డీఎంసీ1, రాడ్51, బ్రాకా2 లాంటి ప్రోటీన్లు వచ్చి, జతలో ఉన్న రెండో క్రోమోజోమ్‌ని చూసి తెగిన చోటల్లా అతుకుతాయి. ఎక్కువ కోతలు అతకలేకపోయిన కణాన్ని ఉండనివ్వరు. అంటే మీ దగ్గర మిగిలిన ప్రతి అండమూ పుట్టకముందే ఒక గట్టి పరీక్ష దాటి వచ్చినదే.

ఆ తర్వాత అండం మియోసిస్ మధ్యలో ఆగిపోతుంది. కొన్ని పదేళ్ళు, కొన్ని నలభై ఏళ్ళు అలాగే ఉంటాయి. ఆ కాలంలో కాపలా కాసేది పీ63 కుటుంబంలోని ఒక ప్రోటీన్. అది ప్రతి చిన్న అండంలోనూ ముందే బోలెడంత నిల్వ ఉంటుంది, కానీ పని చేయని రూపంలో. డీఎన్‌ఏ తెగిందని చెక్2 అనే ఎంజైమ్ కబురు పెట్టగానే దాని ఆకారం మారిపోతుంది. ఒకసారి మారిందంటే మళ్ళీ వెనక్కి రాదు. ప్యూమా, నోక్సా అనే ప్రోటీన్లను పురమాయించి ఆ అండాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది.

చుక్కలరాత్రి
అంటే నేను పుట్టిన అండం మా అమ్మ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైందా? ఇవాళే అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్తా, "నన్ను నువ్వూ మోశావు" అని.

ఎర్రపెన్ను
@కణం_కథలు బాగా రాశారు, కానీ ఒక అభ్యంతరం. ఇది చదివినవాళ్ళకి అండానికి రిపేర్ చేతకాదు, చావడం ఒక్కటే తెలుసు అనిపిస్తుంది. అది సరికాదు. 2012లో ఎలుకల మీద చేసిన ప్రయోగం చూడండి. ప్యూమా జన్యువు తీసేసిన ఎలుకలకు రేడియేషన్ ఇచ్చారు. మామూలు ఎలుకల్లో అయితే చిన్న అండాలు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. వీటిలో బతికాయి. బతకడమే కాదు, తెగిన డీఎన్‌ఏని అతుక్కున్నాయి, ఆ ఎలుకలకు ఆరోగ్యమైన పిల్లలు పుట్టాయి. రెండేళ్ళ తర్వాత చెక్2 తీసేసిన ఎలుకల్లోనూ అదే ధోరణి కనిపించింది. అంటే అండానికి రిపేర్ చేసుకునే శక్తి ఉంది. దానికి సమయం ఇవ్వకుండా చంపేయడం శరీరం ఎంచుకున్న పద్ధతి.

కణం_కథలు
అభ్యంతరం న్యాయమైనదే, కానీ ఆ పద్ధతికి ఒక అర్థం ఉంది. చర్మంలో ఒక కణం తప్పుగా అతుక్కుంటే ఆ తప్పు అక్కడితో ఆగుతుంది. అండంలో తప్పు జరిగితే బిడ్డ ఒంట్లోని ప్రతి కణానికీ పోతుంది, ఆ బిడ్డ పిల్లలకూ పోవచ్చు. లక్షల్లో ఉన్న నిల్వలో ఒకటి వదులుకోవడం చవక.

రెండోఇన్నింగ్స్
ఈ చంపే పద్ధతి ఏమిటో నా ఒంటి మీద చూశాను కాబట్టి రాస్తున్నా. 29 ఏళ్ళప్పుడు రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకున్నా. క్యాన్సర్ కణాల డీఎన్‌ఏని తెంచే మందులే (నాకిచ్చిన వాటిలో సైక్లోఫాస్ఫమైడ్ ఉంది) అండాల డీఎన్‌ఏని కూడా తెంచుతాయట. పైన చెప్పిన చెక్2, పీ63 వ్యవహారం అక్కడ మొదలవుతుంది. రేడియేషన్‌కయితే అండాలు ఇంకా సున్నితం. రెండు గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) లోపు డోసుకే సగం పోతాయని నాకు చెప్పారు.

మా ఆంకాలజిస్టు కీమో మొదలుపెట్టే ముందే కూర్చోబెట్టి, అండాలు తీసి ఫ్రీజ్ చేయించుకోమన్నారు. అప్పుడు అదంతా అనవసరం అనిపించింది, బతికితే చాలనుకున్నా. ఆవిడ పట్టు పట్టారు. ఇవాళ నా కూతురికి నాలుగేళ్ళు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా, ఎవరి ఇంట్లోనైనా క్యాన్సర్ అని తేలితే, మందు మొదలవక ముందే ఈ మాట అడగండి. తర్వాత అడిగితే లాభం తక్కువ.

నీలిమేఘం
@రెండోఇన్నింగ్స్ అక్కా, చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. పాపకి ముద్దులు.

లెక్కలబాబు
అందరూ అండం వెనకే పడ్డారు. కొత్త మ్యుటేషన్ల (అమ్మానాన్నల్లో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చే డీఎన్‌ఏ అక్షరాల మార్పుల) లెక్క చూద్దామా? 2017లో ఐస్‌లాండ్‌లో 1,548 కుటుంబాల జీనోమ్‌లు చదివారు. అమ్మ వయసు ఏడాది పెరిగితే బిడ్డలో అమ్మ వైపు కొత్త మ్యుటేషన్లు సగటున 0.37 పెరుగుతాయి. నాన్న వయసు ఏడాది పెరిగితే 1.51. అంటే నాలుగు రెట్లు. ఒక్కో బిడ్డలో మొత్తం 60-70 కొత్త మ్యుటేషన్లుంటే అందులో ఐదింట నాలుగు వంతులు నాన్న పుణ్యమే. "ఆడదాని వయసు, ఆడదాని వయసు" అని సణిగే పెద్దలకి ఈ అంకెలు చూపించండి.

తెల్లకాగితం
ఎందుకలా? శుక్రకణాలు ఎప్పటికప్పుడు తాజాగా తయారవుతాయి కదా?

లెక్కలబాబు
అదే కారణం. తాజాగా తయారవడానికి మూలకణాలు జీవితాంతం విడిపోతూనే ఉండాలి. విడిపోయిన ప్రతిసారీ దాదాపు 600 కోట్ల అక్షరాలు కాపీ కొట్టాలి. కాపీలో తప్పులు దొర్లుతాయి. అండం కాపీ కొట్టకుండా కదలకుండా కూర్చుంటుంది, ఆ తప్పులకు తావు తక్కువ.

కణం_కథలు
కాపీ ఒక్కటే మొత్తం కథ కాదు. ఊరికే ఉన్నా డీఎన్‌ఏ పాడవుతూనే ఉంటుంది. ఒక కణంలో రోజుకి వేల అక్షరాలు వాటంతటవే ఊడిపోతాయి. ఇది తేల్చినవాళ్ళలో ఒకరైన థామస్ లిండాల్‌కి 2015లో రసాయన నోబెల్ వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. అందుకే కూర్చున్న అండంలో కూడా రిపేర్ ఆగదు. దాంతోపాటు దెబ్బ తగలకుండానే జాగ్రత్త పడుతుంది. 2022లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం: మైటోకాండ్రియాలో శక్తి తయారీ వరసలో మొదటిదైన కాంప్లెక్స్ 1 అనే ప్రోటీన్ల గుంపు ఉంటుంది. డీఎన్‌ఏని తినేసే ఆక్సిజన్ రాడికల్స్ ఎక్కువగా పుట్టేది అక్కడే. నిద్రలో ఉన్న చిన్న అండాలు దాన్ని తయారు చేసుకోవడమే మానేస్తాయి. కప్పల్లో చూశారు, మనుషుల్లోనూ చూశారు.

విటమిన్_ప్రియ
అయితే యాంటీ ఆక్సిడెంట్లు వాడితే మంచిదే కదా! నేను కోక్యూ10 ఆరు నెలలు వాడాను, తర్వాతి సారి పిండాలు బాగా వచ్చాయి. @నీలిమేఘం మీరూ మొదలుపెట్టండి.

కణం_కథలు
మీకు మంచి జరిగినందుకు సంతోషం. కానీ వరసగా రెండు ఐవీఎఫ్ సైకిళ్ళు చేస్తే మందు లేకపోయినా తేడా వస్తుంది. ఎలుకల్లో ఆశ కలిగించే ఫలితాలున్నాయి. ఆడవాళ్ళలో క్రోమోజోమ్ తప్పుల్ని తగ్గిస్తుందని మాత్రం రుజువు కాలేదు. ఆధారం గట్టిగా ఉన్నది సిగరెట్ విషయంలో: తాగేవాళ్ళకి మెనోపాజ్ ఏడాది రెండేళ్ళు ముందు వస్తుంది. ఫోలిక్ యాసిడ్ తప్పకుండా వేసుకోవాలి, కానీ అది బిడ్డ వెన్నుపాము కోసం.

విటమిన్_ప్రియ
రుజువు వచ్చేదాకా ఆగితే నా వయసు ఆగుతుందా? డాక్టర్‌ని అడిగే వేసుకున్నా, నష్టమేమీ జరగలేదు. నా మాట నాదే.

తెల్లకాగితం
నాకు ఒకటి ఇంకా అర్థం కాలేదు. అండం పరీక్ష దాటి వచ్చింది, మ్యుటేషన్లు నాన్న వైపే ఎక్కువ, నిద్రలో జాగ్రత్తగా ఉంటుంది. మరి 35 తర్వాత కష్టం అని డాక్టర్లందరూ ఎందుకంటారు? వాళ్ళది అబద్ధమా?

ల్యాబ్‌కోటు
అబద్ధం కాదు. రెండు వేరు వేరు విషయాల్ని కలిపేస్తున్నారు, అంతే. నేను ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను, ఈ గందరగోళం రోజూ వింటాను.

డీఎన్‌ఏ అక్షరాలు చెడటం వేరు, క్రోమోజోమ్‌ల లెక్క తప్పడం వేరు. వయసుతో అండంలో బాగా పెరిగేది రెండోది. జంట క్రోమోజోమ్‌లను కలిపి పట్టుకునేది కోహిసిన్ అనే ప్రోటీన్ ఉంగరం. మియోసిస్‌కి ప్రత్యేకమైన దాని భాగం పేరు రెక్8. దాన్ని కట్టేది పుట్టకముందు, ఆ తర్వాత కొత్తది కట్టే దాఖలా ఎలుకల్లో కనిపించలేదు. పాత పుస్తకం కుట్టులాంటిది. అక్షరాలు చెరగలేదు, కానీ దారం వదులైతే పేజీలు జారిపోతాయి. అండం విడుదలయ్యే ముందు పంపకం జరిగేటప్పుడు ఒక క్రోమోజోమ్ అటో ఇటో ఎక్కువ పోతుంది. 25 ఏళ్ళ తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 1,250లో ఒకటి, 35కి 350-400లో ఒకటి, 40కి దాదాపు 100లో ఒకటి.

డీఎన్‌ఏ రిపేర్ ఎంత బాగున్నా ఈ దారాన్ని బిగించలేదు. "డీఎన్‌ఏ పాడవుతుంది" అని ఒక్క ముక్కలో చెప్పిన ఆ డాక్టర్ గారు ఇంకో రెండు నిమిషాలు కూర్చుని ఉంటే బాగుండేది.

ఎర్రపెన్ను
పూర్తిగా రెండు గదుల్లో పెట్టేయకండి. వయసుతో రిపేర్ కూడా కొంత తగ్గుతుంది. 2013లో మనుషుల, ఎలుకల అండాల్లో చూస్తే వయసు పెరిగే కొద్దీ బ్రాకా1 లాంటి రిపేర్ జన్యువుల పని తగ్గి, తెగిన డీఎన్‌ఏ గుర్తులు పెరిగాయి.

ల్యాబ్‌కోటు
నిజమే. దాని ఫలితం ఎక్కువగా కనిపించేది అండాల సంఖ్య తగ్గడంలో. లెక్క తప్పడానికి ప్రధాన కారణం కోహిసినే అని నా మాట.

చుక్కలరాత్రి
సంఖ్య అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అమ్మకి 41కే పీరియడ్స్ ఆగిపోయాయి. పెద్దమ్మకీ అంతే. నాకు 30. నాకూ అలాగే అవుతుందా?

జన్యుసలహా
కచ్చితంగా అవుతుందని కాదు, కానీ కుటుంబంలో నడిచే లక్షణమే, తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో రెండు లక్షల మంది ఆడవాళ్ళ జన్యువులు చూసి, మెనోపాజ్ వయసుని ప్రభావితం చేసే చోట్లు 290 గుర్తించారు. వాటిలో డీఎన్‌ఏ దెబ్బని పసిగట్టే, రిపేర్ చేసే జన్యువులు కోకొల్లలు. పైన వచ్చిన చెక్2 కూడా ఉంది. దాని ఒక కాపీ పని చేయని ఆడవాళ్ళకి మెనోపాజ్ సగటున మూడున్నర ఏళ్ళు ఆలస్యం. చంపే కబురు బలహీనపడింది కాబట్టి అండాలు ఎక్కువ కాలం మిగిలాయన్నమాట.

తెల్లకాగితం
అయితే చెక్2ని ఆపేసే మాత్ర వేసుకుంటే సరి!

జన్యుసలహా
తొందరపడకండి. అదే చెక్2 లోపం ఉన్నవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఆ కాపలాదారు అండాల కోసమే ఉన్నవాడు కాదు.

@చుక్కలరాత్రి గారూ, 40 లోపే ఆగిపోతే దాన్ని అండాశయాల ముందస్తు వైఫల్యం అంటారు, నూటికి ఒకరికి వస్తుంది. వాళ్ళలో కొందరికి ఎంసీఎం8, ఎంసీఎం9, ఎంఎస్‌హెచ్5 లాంటి జన్యువుల్లో లోపం దొరుకుతుంది. ఇవన్నీ మియోసిస్‌లో కోతల్ని అతికే జట్టే. మీ అమ్మగారిది 41 కాబట్టి ఆ గీత పక్కనే ఉంది. పిల్లల విషయంలో మీ ఆలోచన ఏదైనా, ఇప్పుడే ఒకసారి ఏఎంహెచ్ అనే రక్త పరీక్ష చేయించుకుని గైనకాలజిస్టుతో కుటుంబ చరిత్ర మొత్తం చెప్పండి. ఏఎంహెచ్ నిల్వ ఎంతుందో చెబుతుంది, అండాల నాణ్యత చెప్పదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

చుక్కలరాత్రి
వెళ్తాను. థ్యాంక్సండీ.

నీలిమేఘం
అండం సంగతి ఇప్పుడు చాలా వరకు తెలిసింది. మరి మొజాయిక్ అంటే? కొన్ని కణాలు మంచివి, కొన్ని కావు అన్నారు. అండంలోనే తప్పుంటే అన్ని కణాల్లోనూ ఉండాలి కదా?

ల్యాబ్‌కోటు
సరిగ్గా పట్టుకున్నారు. మొజాయిక్ అంటే తప్పు చాలావరకు అండం దాటిన తర్వాత, పిండం విడిపోతుండగా జరిగిందని.

ఫలదీకరణ జరిగిన 16-18 గంటలకి మేం మైక్రోస్కోప్ కింద చూస్తాం. మధ్యలో రెండు గుండ్రటి బుడగలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక్కోదాని లోపల చిన్న చిన్న చుక్కలు. బాగున్న పిండంలో ఆ చుక్కలు రెండు బుడగలూ కలిసే గీత దగ్గరికి చేరి బారులు తీరుతాయి. టైమ్‌ల్యాప్స్‌లో చూస్తే కొన్ని గంటల్లో బుడగలు రెండూ ఒక్కసారిగా మాయమవుతాయి, ఆ తర్వాత కణం రెండవుతుంది. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నా ఆ క్షణంలో కన్ను తిప్పబుద్ధి కాదు.

ఆ కొన్ని గంటల్లో లోపల జరిగేది చాలా పెద్ద పని. శుక్రకణం డీఎన్‌ఏ గట్టిగా చుట్టి వస్తుంది, తన రిపేర్ తాను చేసుకోలేదు. దానికున్న చిరుగులన్నీ అండమే సరిచేయాలి. ఆ డీఎన్‌ఏ మీద ఉన్న పాత రసాయన గుర్తుల్ని చెరపాలి, మొత్తం జీనోమ్‌ని కాపీ కొట్టాలి. ఇంత పనీ అమ్మ అండంలో దాచిపెట్టిన ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలతోనే. మనిషి పిండం సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, అంటే మూడో రోజు దగ్గర. అప్పటిదాకా అంతా అమ్మ నిల్వే.

పైగా ఆ రోజుల్లో "ఆగు, తప్పుంది" అని చెప్పే తనిఖీలు చాలా బలహీనం. చిన్న అండాన్ని ఒక్క దెబ్బకే చంపిన ఆ కఠినత్వం ఇక్కడ కనబడదు. కాపీ పూర్తి కాకపోయినా కణం విడిపోవడానికి బయల్దేరుతుంది. 2022లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు చూపించింది ఇదే: మనిషి పిండంలో మొదటి కాపీయింగ్ నెమ్మదించి, అక్కడక్కడ ఆగి, పూర్తికాని చోట్ల డీఎన్‌ఏ తెగి, క్రోమోజోమ్‌లు తప్పుగా పంచుకుంటున్నాయి. మూడో రోజు పిండాల్లో ఇలాంటి గందరగోళం సర్వసాధారణమని 2009లోనే తెలిసింది. అవి 35 లోపు వయసున్న, పిల్లలు పుట్టే సామర్థ్యం ఉన్న ఆడవాళ్ళ పిండాలు.

ఎర్రపెన్ను
పిండంలో రిపేర్ ఎంత బలహీనమో క్రిస్పర్ (డీఎన్‌ఏని అనుకున్న చోట కోసే పద్ధతి) ప్రయోగాలు బయటపెట్టాయి. 2017లో ఒక జట్టు, కోసిన జన్యువుని పిండం అమ్మ కాపీ చూసి చక్కగా సరిచేసుకుందని ప్రకటించింది. 2020లో ఇంకో జట్టు అంధత్వానికి సంబంధించిన జన్యువు దగ్గర కోసి చూస్తే, దాదాపు సగం కోతలు అతుక్కోలేదు. ఆ క్రోమోజోమ్ చేయి మొత్తం ఊడిపోయిన కణాలున్నాయి. 2018లో చైనాలో జన్యువులు మార్చిన కవల పాపలు పుట్టారన్న వార్త తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిండం తెగిన చోటు అతుక్కుంటుందో లేదో తెలియకుండానే చేశారు.

నీలిమేఘం
చదువుతుంటే భయం పెరుగుతోంది. అయితే ఏ పిండం బాగుంటుంది?

ల్యాబ్‌కోటు
భయపడొద్దమ్మా, రెండో సగం వినండి. ఐదో రోజుకి పిండం సొంత జన్యువులు పని చేస్తుంటాయి, అప్పుడు ఏరివేత మళ్ళీ మొదలవుతుంది. 2016లో ఎలుక పిండాల్లో మంచి కణాల్నీ తప్పున్న కణాల్నీ కలిపి చూస్తే, బిడ్డగా మారే లోపలి గుంపులో తప్పున్నవి చనిపోయి మంచివి ఆ చోటు నింపాయి. 2015లో ఇటలీ డాక్టర్లు 18 మందికి మొజాయిక్ పిండాలే వేశారు, ఆరుగురికి ఆరోగ్యమైన పిల్లలు పుట్టారు. ఇప్పుడలా పుట్టిన పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. పరీక్షకి మేం తీసేది మావిగా మారే పై పొర నుంచి ఐదు నుంచి పది కణాలు మాత్రమే. లోపలి గుంపుని ముట్టుకోం.

రెండోఇన్నింగ్స్
@నీలిమేఘం ఈ పేరా ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో చెల్లీ.

నీలిమేఘం
రిపోర్టు మళ్ళీ తీసి చూశా. మొజాయిక్ అన్నదాంట్లో "సెగ్మెంటల్" అని ఉంది, 5వ క్రోమోజోమ్. పక్కన 30 శాతం. రెండో పిండంలో 16వ క్రోమోజోమ్ ఒకటి అదనం, అన్ని కణాల్లోనూ.

ల్యాబ్‌కోటు
ఈ థ్రెడ్‌లో మాట్లాడుకున్న రెండు తప్పులూ మీ రిపోర్టులోనే ఉన్నాయి. 16 మొత్తం అదనంగా ఉన్నది దాదాపుగా అండంలో పంపకం తప్పడం వల్ల, అది వయసుకి సంబంధించినది. 5లో ఒక ముక్క తేడా, అది కూడా కొన్ని కణాల్లోనే అంటే, పిండం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ తెగి అతుక్కోకపోవడం వల్ల అయ్యుండొచ్చు. ఇలాంటి ముక్క తప్పులకి తల్లి వయసుతో సంబంధం కనబడదు. పాతికేళ్ళ అమ్మాయి పిండంలోనూ ఉంటాయి.

విటమిన్_ప్రియ
ఈ ఒక్క మాట ఆ డాక్టర్ చెప్పి ఉంటే ఈ అమ్మాయి ఇన్ని రాత్రులు నిద్ర మానుకునేది కాదు.

జన్యుసలహా
@నీలిమేఘం గారూ, ఈసారి వెళ్ళినప్పుడు రెండు నిమిషాలకి ఒప్పుకోకండి, జెనెటిక్ కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ అడగండి. ఆ ముక్క ఎంత పెద్దది, అందులో ఏ జన్యువులున్నాయి, 30 శాతం మొజాయిక్‌ని ఆ ల్యాబ్ తక్కువ స్థాయిగా లెక్కేస్తుందా, ఇవి అడగాలి. మీ ఇద్దరి కార్యోటైప్ పరీక్ష (క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకారం చూసేది) ఎప్పుడైనా అయిందా? కాకపోతే చేయించండి. ఇద్దరిలో ఒకరికి క్రోమోజోమ్ ముక్కలు చోటు మారి ఉంటే, పైకి ఏ లక్షణమూ లేకపోయినా పిండాల్లో ఇలాంటి ముక్క తేడాలు వస్తాయి. అప్పుడు విషయం పూర్తిగా వేరు.

ఒకవేళ ఆ పిండాన్నే వేయించుకుంటే, గర్భం నిలిచాక తల్లి రక్తంతో చేసే పరీక్ష ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. అందులో కనిపించేది ఎక్కువగా మావి డీఎన్‌ఏ. 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చేసే పరీక్షలో బిడ్డ కణాలే దొరుకుతాయి. దానికున్న చిన్న రిస్కు గురించి కూడా అడిగి తెలుసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి.

నీలిమేఘం
కార్యోటైప్ మాకు చేయలేదు. ఇద్దరికీ రాయించుకుంటాను. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతా.